గండికోటకు జోడు
(పెన్నా గట్టు చరిత్ర: 17వ భాగం)

జమ్మలమడుగు నుంచి గండికోటకు పదిహేను కిలోమీటర్ల దారి. ఆదివారం పొద్దున ఆ దారిన బెంగళూరు కార్లు, హైదరాబాదు కార్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఏ కారునాపి ఎక్కడికని అడిగినా ఒకటే జవాబు: 'ఇండియా గ్రాండ్ కాన్యన్ చూడ్డానికి.' ఈ పేరు పుణ్యమా అని గండికోటకు గిరాకీ వచ్చింది, టీ బంకుల వాళ్లు నాలుగు రూపాయలు చూస్తున్నారు, కాదనను. కానీ ఆ పోలిక నాకు ఏనాడూ మింగుడు పడలేదు. అరిజోనా లోయ అంచున కోట లేదు. కోటలో ఊరు లేదు. ఆ ఊరిని నెలల తరబడి చుట్టుముట్టిన సైన్యం లేదు. లోయ వైపు నిలబడి ఫొటో దిగేవాడి వీపు వెనక మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యం కొట్టు, జైలు అన్నీ ఉంటాయి. ఫొటోలో అవి పడవు.

గండికోటకు అసలు జోడు ఎక్కడుందో నాకు అరవై దాటినాకనే తెలిసింది. అదీ, వైన్ తాగడానికని పోయిన ఊళ్లో.

మా అమ్మాయి కాపురం జర్మనీలో. నిరుడు మేమిద్దరం అక్కడికి పోయినప్పుడు అల్లుడు నాలుగు రోజులు సెలవు పెట్టి కారు తీశాడు. ఇటలీలో ఒక కొండ మీద చిన్న ఊరుంది, అక్కడి ఎర్ర వైన్‌కు లోకమంతా పేరు, పోయొద్దాం మామా అన్నాడు. ఊరి పేరు మోంటల్చీనో. టస్కనీ సీమలో, సియేనా పట్నానికి దక్షిణాన ఉంటుంది. ఆ మాట విని నేను ఎగిరి గంతేయలేదు. పొద్దుటూరులో పుట్టి పెరిగినవాడికి 'వైన్స్' అంటే ఒక బోర్డు. దాని కింద బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ దొరుకుతాయి, వైన్ ఒకటి తప్ప. 'ద్రాక్షారసం' అనే మాట ఎరుగుదుం గానీ అది బైబిలు మాట. జమ్మలమడుగులో క్యాంబెల్ ఆస్పత్రి పెట్టిన లండన్ మిషన్ దొరలతో పాటు మన పల్లెలకొచ్చింది, ఇప్పటికీ చర్చిలో ప్రభు భోజనం బల్ల దగ్గరే వినబడుతుంది. మిగిలింది అలంకారశాస్త్రం. నోట్లో వేసుకుంటే కరిగిపోయే కవిత్వం ద్రాక్షాపాకం, తొక్క వొలిస్తే గానీ రుచి తెలియనిది కదళీపాకం, టెంకాయ మాదిరి పగలగొట్టాల్సింది నారికేళపాకం. పులివెందులలో అరటి తోటలున్న మా బంధువు ఒకాయన ఈ లెక్క విని, మన సీమకు కదళీపాకమే గతి అనేవాడు.

అయితే ద్రాక్షపండు మనకు కొత్తది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ అంగడి ధరలు రాసిపెట్టాడు. ఒక ఫణానికి దానిమ్మకాయలు పది, ద్రాక్ష గుత్తులు మూడు. అంటే పండు ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు, కాకపోతే అది కలిగినవాళ్ల పండు. దాన్ని తొక్కి పులియబెట్టి పీపాల్లో పోసే పని మాత్రం మనవాళ్లు పెట్టుకోలేదు. ఇంటి పక్కనే ఈత చెట్టు తెల్లారేసరికి కుండ నింపుతుంటే ఆ శ్రమ ఎవరికి కావాలి?

మోంటల్చీనో దారి మలుపులు తిరుగుతూ కొండెక్కుతుంది. పైకి పోతే 564 మీటర్ల ఎత్తు. కిందంతా వరసలు తీసిన ద్రాక్ష తోటలు, మధ్య మధ్య ఆలివ్ చెట్లు, కొసన రాతి ఇళ్ల ఊరు. ఊరి నెత్తిన కోట. అయిదు మూలల కోట అది, 1361లో సియేనా పాలకులు కట్టించింది. వాకిలి దాటి లోపలికి పోతే బయలు, దాని పక్కన బురుజు. ఆ బురుజు లోపల, ఒకప్పుడు సైనికులు తిరిగిన చోట, ఇప్పుడు వైన్ దుకాణం. గోడ రాయి మీద చెయ్యి పెట్టుకుని అట్లే నిలబడిపోయాను. ఎండకు కాగిన ఆ రాయి వేడి, కింద లోయలోంచి వచ్చే గాలి, కొండ కొసన బతికే ఊరి బిగువు... ఇదంతా నేను చిన్నప్పటి నుంచి ఎరిగిందే. లోయలో నది ఒకటి తక్కువ, అంతే.

దుకాణం మనిషి నాలుగు పెద్ద గాజు గ్లాసుల్లో అడుగున రెండు గుక్కలు పోసి పెట్టాడు. ఇంత పెద్ద గ్లాసులో ఇంతేనా అన్నట్టు చూసింది మా ఇంటామె. రంగు నేను అనుకున్నంత చిక్కగా లేదు, మాణిక్యం రంగు, అంచున కొంచెం ఇటుక ఛాయ. వాసన ఎండిన రేగుపండ్లను గుర్తు చేసింది. నోట్లో పోసుకుంటే మొదట పులుపు, ఆ వెనకే నాలుకను పట్టేసే వగరు. నేరేడుపండ్లు తిన్నాక నాలుక మొద్దుబారుతుందే, అట్లాంటి వగరు.

"దీనికా ఇంత దూరం తోలుకొచ్చింది? కరక్కాయ కషాయం మాదిరి ఉండాదే" అంది ఆమె.

"మా, ఒక గుక్కకే చెప్పద్దు. రొట్టె ముక్క నమిలి మళ్లా తాగు" అంది అమ్మాయి.

మళ్లా తాగింది. ఏమీ అనలేదు. గ్లాసు మాత్రం కింద పెట్టలేదు.

ఆ వైన్ పేరు బ్రూనెల్లో. సాంజొవేసే అనే ఒకే రకం ద్రాక్షతో చేస్తారు. జోవ్ దేవుడి నెత్తురు అని ఆ ద్రాక్ష పేరుకు జనం చెప్పే అర్థం. పంట కోసిన నాటి నుంచి అయిదో ఏడు జనవరి ఒకటో తేదీ దాకా సీసా అంగడికి రాకూడదు, అందులో కనీసం రెండేళ్లు కొయ్య పీపాల్లో ఊరాలి. ఇది ఆచారం కాదు, చట్టం. అల్లుడు ఈ సంగతి చెప్తుంటే నాలోని పొద్దుటూరోడు లేచి కూర్చున్నాడు. అయిదేళ్లు సరుకు అమ్మకుండా పెట్టుకుంటే వడ్డీ ఎంతవుతుంది? మా బజారులో బంగారం కూడా అంతకాలం అట్లా పడుకోదు.

ఇక కథలోకి వద్దాం. ఆ కోట గోడల మీద నాకు గండికోట కనబడింది రాళ్ల వల్ల కాదు, రెండు ముట్టడుల వల్ల.

16వ శతాబ్దం నడుమ సియేనా ఒక చిన్న గణరాజ్యం. పక్కనున్న ఫ్లోరెన్సుకు దాని మీద కన్ను. స్పెయిన్ చక్రవర్తి సైన్యం ఫ్లోరెన్సు వైపు, ఫ్రెంచి రాజు సియేనా వైపు. 1554లో సియేనాను చుట్టుముట్టారు. లోపల కాపలాకు ఫ్రెంచి రాజు పంపిన సేనాని బ్లేజ్ ద మోన్‌లూక్. ఈయన ముసలితనంలో తన యుద్ధాల కథ తానే రాసుకున్నాడు, అందులో ఒక ఘట్టం నాకు చాలా ఇష్టం. నెలల తరబడి ఆకలి, పైగా జబ్బు చేసి మోన్‌లూక్ పుల్లలాగా అయ్యాడు. బొచ్చు దుప్పట్లు కప్పుకుని తిరిగే సేనానిని చూసి పట్నం వాళ్లు ఆశ వదులుకుంటున్నారు. ఒక రోజు ఆయన పెట్టెలోంచి ఎర్ర ముఖమల్ బట్టలు తీయించి తొడుక్కున్నాడు. దాచిపెట్టుకున్న గ్రీకు వైన్ బుడ్డి తెప్పించి, ఆ వైన్‌తో మొహం రుద్ది రుద్ది కడుక్కున్నాడు. పాలిపోయిన చెంపలకు ఎరుపెక్కింది. నాలుగు ముద్దలు రొట్టె తిని, మిగిలిన వైన్ రెండు గుక్కలు తాగి, పెళ్లికొడుకు మాదిరి సభలోకి నడిచాడు. ఈయన మన సేనానేనా అని జనం గుర్తుపట్టలేకపోయారట.

మొహం ఎరుపెక్కినంత మాత్రాన కడుపు నిండదు. 1555 ఏప్రిల్‌లో సియేనా లొంగింది. షరతులు మర్యాదగానే కుదిరాయి. జెండాలు, ఆయుధాలతో బయటికి పోవచ్చన్నారు. తలవంచడం ఇష్టం లేని వందల కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని మోంటల్చీనో కొండెక్కాయి. అక్కడ కూర్చుని, సియేనా గణరాజ్యం ఇంకా చావలేదు, ఇక్కడ బతికే ఉంది అని ప్రకటించుకున్నాయి. సొంతంగా నాణేలు కొట్టించాయి. వాటి మీద సియేనా పేరు, మోంటల్చీనో పేరు, అండగా నిలిచిన ఫ్రెంచి రాజు రెండో హెన్రీ పేరు ఉంటాయి. రాజధాని పోయి, ఒక కొండ మిగిలిన రాజ్యం. నాలుగేళ్లు నడిచింది. 1559లో ఫ్రాన్సు, స్పెయిన్ సంధి చేసుకున్నాయి. పెద్దవాళ్లు చేతులు కలిపితే చిన్న కొండకు దిక్కెవరు? మోంటల్చీనో ఫ్లోరెన్సు పాలకుల కిందికి పోయింది.

ఇప్పుడు మన కొండకు రండి. 1565లో తళ్లికోట యుద్ధం అయింది, విజయనగరం పోయింది. రాయల వంశం పెనుకొండ, చంద్రగిరి, వేలూరు అంటూ ఒక్కో మెట్టు దిగుతూ పోయింది. కొండ కోటల్లోని నాయకులే ఆ రాజ్యానికి మిగిలిన ఎముకలు. గండికోటలో పెమ్మసాని వాళ్లు. ఆఖరి నాయకుడు చిన్న తిమ్మానాయుడు, ఆయన మంత్రి పొదిలి లింగన్న ద్రోహం గురించి జనం చెప్పుకునే కథ పోయిన భాగంలో చూశాం. ఆ కోటను పట్టినవాడు గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా. ఇరాన్‌లో అర్దిస్తాన్ నుంచి వచ్చి వజ్రాల వ్యాపారంలో ఎదిగినవాడు.

కోట పడ్డ ఎనిమిది రోజులకు అక్కడికి ఒక విదేశీ అతిథి వచ్చాడు. జాఁ బాప్తిస్త్ టావెర్నియర్, పారిస్‌లో పుట్టిన నగల వర్తకుడు. తర్వాత కాలంలో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి నీలి వజ్రం అమ్మినవాడు ఇతనే. 1652 జూలైలో గోల్కొండ సుల్తాను ఓడ మీద మచిలీపట్నంలో దిగి, మద్రాసు మీదుగా నడిచి సెప్టెంబరు ఒకటో తేదీన గండికోట చేరాడు. కోట పడింది 1650లోనే అనే చరిత్రకారులూ ఉన్నారు. నేను మాత్రం కళ్లారా చూసినవాడి లెక్కకే ఓటేస్తాను. వచ్చిన పని ముత్యాల బేరం. గోల్కొండ సుల్తాను విలువైన సరుకు ఏది కొనాలన్నా ముందు మీర్ జుమ్లా చూడాలి.

ఆయన రాసిన గండికోట వర్ణన చదివితే ఇప్పటి కోట కళ్లముందు మెదులుతుంది. కొండకు ఒకటే దారి, ఇరవై పాతిక అడుగుల వెడల్పు, కొన్ని చోట్ల ఏడెనిమిది అడుగులే. కుడి పక్క చూస్తే కళ్లు తిరిగే లోతు, అడుగున పెద్ద నది. పైన చిన్న మైదానం, ఊటల నీళ్లతో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయి. ఊరికి ఒకటే వాకిలి, దాని ముందు చెక్కిన రాతితో మూడు గోడలు, కందకాలు. లోపలివాళ్లు కాపు కాయాల్సింది నాలుగైదు వందల అంగల మేరే. మిగిలినదంతా లోయే చూసుకుంటుంది. అంత కోటలో ఉన్న ఇనుప ఫిరంగులు రెండంటే రెండు.

మరి ఎట్లా పడింది? ఇక్కడే మనకు ఇటలీ తగులుతుంది. మీర్ జుమ్లా ఫిరంగి దళంలో ఉన్నది ఎక్కువగా ఐరోపావాళ్లు. డచ్చివాళ్ల కొలువు వదిలి వచ్చిన ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, హాలండువాళ్లు, వాళ్లతో పాటు ఇద్దరు ముగ్గురు ఇటలీవాళ్లు. వీళ్ల సాయం లేకుంటే ఆ కోట దక్కేది కాదని టావెర్నియర్ స్పష్టంగా రాశాడు. ఎంతమంది చచ్చినా వాకిలి కదలకపోయేసరికి మీర్ జుమ్లా ఈ పరదేశులందరినీ పిలిపించి, ఎట్లాగైనా ఫిరంగులు పైకెక్కిస్తే నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానన్నాడు. ఎక్కించారు. నాలుగు ఫిరంగులు ఎత్తుకు చేర్చి, వాకిలి మీదున్న ఫిరంగి నోరు మూయించారు. వాకిలి దెబ్బతిన్నాక లోపలివాళ్లు మాట్లాడుకున్నారు, మర్యాదగల షరతుల మీద కోట వదిలి బయటికి నడిచారు. సియేనా గుర్తొస్తుందా?

'ఫిరంగి' అనే మాటను ఒకసారి నోట్లో తిప్పి చూడండి. ఫ్రాంకు మనిషిని అరబ్బులు, పారసీకులు ఫరంగీ అన్నారు. ఆ మనిషీ అతను కాల్చే ఆయుధమూ మన దగ్గరికి జంటగా వచ్చాయి కాబట్టి, తెలుగులో మనిషి పేరు ఆయుధానికి అంటుకుపోయింది. గుంటూరు పక్కన ఫిరంగిపురం అనే ఊరే ఉంది. గండికోట ముట్టడి నాటికి ఈ రెండు అర్థాలూ ఒకే గుడారంలో పడుకున్నాయి.

మీర్ జుమ్లాను టావెర్నియర్ చూసిన తీరు కూడా చెప్పాలి, ఆ మనిషి ఎట్లాంటివాడో అందులో తెలుస్తుంది. నవాబు గుడారంలో చెప్పుల్లేకుండా కూర్చున్నాడు. కాలివేళ్ల సందుల్లో కాగితాలు, ఎడమ చేతివేళ్ల సందుల్లో కాగితాలు. ఒకటి కాలి నుంచి లాగి జవాబు చెప్తాడు, ఒకటి చేతి నుంచి లాగి చెప్తాడు, ఇద్దరు గుమస్తాలు రాస్తుంటారు. నడుమ దొంగల్ని, హంతకుల్ని తెచ్చి నిలబెడితే అక్కడికక్కడ చేతులు కాళ్లు నరికే శిక్షలు. ఆ తర్వాత భోజనం. పట్నంలో పెద్ద వ్యాపారి నాలుగు ఫోన్లు ముందు పెట్టుకుని బేరాలు చేస్తుంటే నాకు ఈ కాలివేళ్ల కాగితాలే గుర్తొస్తాయి.

టావెర్నియర్ సుమారు రెండు వారాలున్నాడు. ఆ లోపలే ఒక రోజు ఫిరంగులు పేల్చే పరదేశీ గోలందాజులంతా గుంపు కట్టి నవాబు గుడారం ముందుకొచ్చి, చెప్పిన జీతం ఇంకా రాలేదని గోల చేశారు. కొలువు లోంచి తీసేస్తానని నవాబు బెదిరించాడు, తర్వాత బకాయిలో ఎక్కువ భాగం ఇప్పించాడు. చేతిలో డబ్బు పడిందో లేదో ఒకరికొకరు విందులు చేసుకోవడం మొదలు. అందులో సగానికి పైగా ఆటకత్తెల చేతుల్లోకి పోయిందట. మూడు నెలలు ప్రాణాలొడ్డి సంపాదించిన కూలి అది.

ఆ కాలంలో విందులకు ఏమి పోసేవాళ్లో టావెర్నియర్ పుస్తకంలోనే వేరే చోట్ల దొరుకుతుంది. ఇరాన్‌లో షిరాజ్ వైన్ ఆయనకు బాగా తెలుసు. డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు దాన్ని కొని ఓడల్లో మన తీరానికి తెచ్చుకునేవి, అది దొరల బల్లకు. గోల్కొండ నగరంలో జనానికి కల్లు. ఆయన లెక్కలో రోజుకు అయిదారు వందల గుర్రాల మీద కల్లు తిత్తులు నగరంలోకి వచ్చేవి, వాటి మీద పన్ను సుల్తానుకు మంచి రాబడి. ఎర్రమల కొండల కింద, పెన్న ఇసుక పక్కన ఈత చెట్లకు కొదవ లేదు. ఇటలీ గోలందాజు గండికోటలో దిగినా, మోంటల్చీనో రైతు కొడుకు నేపుల్సులో దిగినా, జీతం నాటి రాత్రి ఒకే తీరు.

ఇంకో మనిషి కథ మిగిలింది. ఫ్రాన్సులో బూర్జ్ అనే ఊరివాడు క్లోద్ మాయ్. డచ్చివాళ్ల వెంట వచ్చి నవాబు దగ్గర ఫిరంగులు పోతపోసే పనిలో చేరాడు. నవాబు ఇరవై ఫిరంగులు కావాలన్నాడు. 48 పౌన్ల గుండు విసిరేవి పది, 24 పౌన్లవి పది. రాగి ఎక్కడిది? చుట్టుపక్కల గుళ్లలోని విగ్రహాలు తెప్పించాడు. ఒక్కో విగ్రహం కొలిమిలోకి పోయి కరిగిపోయింది. గండికోట గుడివి మాత్రం ఆరు మిగిలాయి. మూడు కూర్చున్నవి, మూడు పదేసి అడుగుల ఎత్తున నిలుచున్నవి. మాయ్ ఎంత మంట పెట్టినా అవి కరగలేదని టావెర్నియర్ రాశాడు. పూజారులు మంత్రం వేశారని నవాబు వాళ్లను బెదిరించాడు. ఆఖరికి ఇరవై ఫిరంగుల్లో మాయ్ పోసింది ఒక్కటి. పరీక్షకు పేలిస్తే అది చీలిపోయింది. చెయ్యి దులుపుకుని కొలువు మానేసి వెళ్లిపోయాడు.

విగ్రహాలు కరగకపోవడం మహిమ అనేవాళ్లతో నాకు పేచీ లేదు. నాకు కనబడేది వేరే. కొలిమి వేడి చాలకపోయినా, లోహం పాళ్లు కుదరకపోయినా, పనివాడికి పని రాకపోయినా ఇట్లాగే అవుతుంది. చీలిపోయిన ఫిరంగి ఆ మూడో అనుమానానికే బలమిస్తుంది. ఏదైతేనేం, పదడుగుల విగ్రహాలు పోతపోసిన మన శిల్పి పేరు ఎక్కడా లేదు, ఫిరంగి పోయలేకపోయిన మాయ్ పేరు పుస్తకానికెక్కింది.

మోంటల్చీనో, గండికోట రెండూ ఒక శతాబ్దం తేడాతో పడ్డాయి. రెండూ రాజ్యం కూలాక మిగిలిన ఆఖరి కొండలు. రెండింటి దగ్గరా డబ్బుకు పోరాడే పరదేశులు. ఆ తర్వాత దారులు చీలాయి.

మోంటల్చీనోలో కోట పోయింది గానీ కింద పొలాలు ఊరివాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. మూడు వందల ఏళ్ల తర్వాత, 19వ శతాబ్దంలో, క్లెమెంతె శాంతి అనే మందులు తయారుచేసే ఆయన తన తోటలో ద్రాక్ష మీద ప్రయోగాలు చేశాడు. ఆయన చేసిన ఎర్ర వైన్‌కు 1869లో పక్క ఊరి ప్రదర్శనలో పతకం వచ్చింది. కూతురి కొడుకు ఫెర్రూచియో బియోందీ శాంతి 1866లో గరిబాల్దీ వెంట యుద్ధం చేసి తిరిగొచ్చి, తాత తోటలోనే మంచి తీగలు ఏరి నాటాడు. అందరూ లేత వైన్ అమ్ముకుంటుంటే ఇతను పీపాల్లో ఏళ్లకేళ్లు ఊరబెట్టాడు. 1888 నాటి సీసాలు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. అయినా 20వ శతాబ్దం నడుమ దాకా అది బీద ఊరే. 1966లో ఆ పేరుకు చట్టం రక్షణ వచ్చింది, 1980లో ఇటలీలోకెల్లా పై తరగతి గుర్తింపు మొదటగా దక్కిన వైన్లలో అదొకటి. ఇప్పుడు బ్రూనెల్లో తోటలే రెండు వేల హెక్టార్ల పైచిలుకు.

గండికోట చేతులు మారుతూ పోయింది. మొగలాయిలు, కడప నవాబులు, హైదర్ అలీ, టిప్పు. 1800లో నిజాం దత్తమండలాలు కంపెనీకి ఇచ్చేశాడు, కొండ మీది కోటకు పని లేకుండా పోయింది. వ్యాపారం కిందికి దిగింది. పత్తి, నూనె, బట్ట పొద్దుటూరుకు చేరాయి, కచేరీ జమ్మలమడుగుకు. కోటలో కొన్ని గడపలు మిగిలాయి, ఇప్పటికీ ఉన్నాయి. బురుజు పక్కన బర్రెలు కట్టేసి ఉంటాయి. వాళ్లకు సీసా మీద ఎక్కించే పేరు లేదు. కొండకు అవతల బనగానపల్లెకు మామిడి ఉంది, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది.

అయినా మన పేర్లు ఎక్కనే లేదనడం తప్పు. వైన్ మీద కాదు, రాతి మీద ఎక్కాయి. కడప రాతి పొరలను చదివే భూగర్భ శాస్త్రవేత్తలు పొరలకు ఊళ్ల పేర్లు పెట్టారు. వేంపల్లె సున్నపురాయి, దాని మీద పులివెందుల క్వార్ట్‌జైట్, తాడిపత్రి పొర, ఆ పైన గండికోట క్వార్ట్‌జైట్. పులివెందుల దగ్గర ఈ పొరల నడుమ దూరిన అగ్నిశిల వయసు 190 కోట్ల ఏళ్లకు దగ్గరగా తేలింది. మోంటల్చీనోలో దుకాణం మనిషి తమ కొండ రాయిని 'గలెస్త్రో' అంటారని, వైన్‌లో ఆ రాయి రుచి ఉంటుందని గొప్పగా చెప్పాడు. మా రాయి వయసు నేను చెప్తే నవ్వి, అది ఊరడానికి ఇంకా టైము పడుతుందేమో అన్నాడు. అమ్మాయి తర్జుమా చేసి చెప్పింది.

తిరిగొచ్చాక గండికోటకు పోయాను. కత్తుల కోనేరు దగ్గర ఒక గైడు కుర్రాడు సందర్శకులకు కథ చెప్తున్నాడు. యుద్ధం ముగిశాక వీరులు కత్తులు ఇందులో కడిగారు, అప్పటి నుంచి ఈ నీళ్లు ఎర్రగా ఉంటాయి అని. జోవ్ దేవుడి నెత్తురు మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను. దోసిట్లోకి తీసుకుని చూస్తే ఆ నీళ్లది ఎర్రమట్టి రంగు. మట్టి ఎరుపని చెబితే ఆ కుర్రాడి గిరాకీ పోతుంది, నేనెందుకు చెప్తాను?

మోంటల్చీనోలో అల్లుడు కొనిచ్చిన సీసా మా ఇంట్లో బీరువా మీద ఉంది. దసరాకు తెరుద్దామనుకున్నాం. బెండు బిరడా. దాన్ని లాగే మెలిక మేకు కోసం పొద్దుటూరులో మూడు 'వైన్స్' తిరిగాను. మూడో అంగట్లో కుర్రోడు పాపం సాయం చేద్దామనే చూశాడు. "తిప్పితే వచ్చే మూతవే ఉండాయి సార్ మా దగ్గర" అన్నాడు.

(వచ్చే భాగం: మీర్ జుమ్లా ముత్యాల బేరం)